నూతనఖండమున స్పానిషుభాషావ్యాప్తి

జయించినవారి భాష జయింపబడినవారి నాలుకలమీదికి దానంతట నదియే వచ్చునని లోకమున నొక నమ్మకము గలదు. ఈ నమ్మకమునకు నిదర్శనముగా బలువురు స్పెయిన్ దేశమును జూపుదురు. ఐబీరియా ద్వీపకల్పమున నొక మూలనున్న కాస్తీలు సీమనుడి నేడు 20 స్వతంత్రరాజ్యములలో రాజభాషయై, 45 కోట్లకు బైబడిన జనులకు మాతృభాషయై యున్నది. స్పెయిన్ దేశపు జనసంఖ్య సుమారు 5 కోట్లు మాత్రమే. మెక్సికో దేశ మొక్కటియే సుమారు 13 కోట్ల ప్రజతో నీ భాషకు నేడు పెద్ద నివాసస్థానమై యున్నది. అనగా స్పానిషును మాతృభాషగా గలవారిలో బదింట దొమ్మండ్రు స్పెయిన్ దేశీయులు కారు.

ఇంతటి వ్యాప్తి యెట్లు కలిగినది? కత్తిచేత గలిగినదనుట సులభమైన యుత్తరము. కాని ఆ కాలపు శాసనములను, గ్రంథములను వరుసగా బరిశీలించినచో నీ యుత్తరము నిలువదు. కత్తివలన భూమి వచ్చెను. భాష వెంటనే రాలేదు. స్పెయిన్ రాజు లేలిన మూడువందల యేండ్లలో నధికభాగము దేశభాషలే మతమునకును, గ్రామవ్యవహారమునకును సాధనములుగా నుండెను. స్పెయిన్ ధ్వజము దిగిన పిమ్మటనే, స్వతంత్రులైన ప్రజల పాలనముననే, స్పానిషు సామాన్యజనుల యిండ్లలో విస్తారముగ బ్రవేశించెను. ఈ వ్యాసమున నేను నిరూపింపదలచిన విషయ మిదియే.

మొదట 1492వ సంవత్సరమును దలచుకొందము. ఆ యేడు జనవరి 2వ తేదీన గ్రనడా నగరము స్పెయిన్ రాజదంపతుల వశమయ్యెను. ఆగస్టు 3వ తేదీన గొలంబసు పాలోస్ రేవునుండి యోడలు నడపెను. పదునైదు దినములు గడచిన పిమ్మట, ఆగస్టు 18వ తేదీన, సలమాంకా నగరమున ఆంతోనియో దె నెబ్రిహా యను పండితుడు రచించిన కాస్తీలుభాషా వ్యాకరణము అచ్చు ముగిసెను. లోకవ్యవహారమున నున్న దేశభాషకు వ్యాకరణ మేల యను శంక ఆనాటివారికి గలిగినది. లాటిను భాషకు వ్యాకరణ ముండవలెను గాని, తల్లి యొడిలో నేర్చిన నుడికి సూత్రము లెందులకని ఇసబెల్లా రాణి యడిగినదట. అందులకు ఆవిలా బిషప్పు ప్రత్యుత్తర మిచ్చుచు, రాణి పరభాషలు మాటాడు జాతులను జయించునప్పుడు వారికి విజేతల ధర్మశాసనములును, వానితోపాటు విజేతల భాషయు గావలసివచ్చుననియు, అప్పు డీ గ్రంథ మక్కఱకు వచ్చుననియు జెప్పినట్లు నెబ్రిహా తన పీఠికలో వ్రాసికొనియున్నాడు. భాష యెల్లప్పుడును సామ్రాజ్యమునకు దోడుగా నడచినదను నభిప్రాయము నా పీఠికయందే కలదు.

ఈ మాటను చరిత్రకారులు పలుమారు భవిష్యద్వాణిగా నెత్తి చూపియున్నారు. అది పొరపాటు. ఆ గ్రంథ మచ్చుపడునాటికి గొలంబసు నూతనఖండమును జేరనేలేదు. నూతనఖండ మున్నదని నెబ్రిహాకుగాని, రాణికిగాని తెలియదు. అంతకంటె విచిత్రమైన విషయ మొకటి కలదు. ఆ కాస్తీలు వ్యాకరణము నెబ్రిహా జీవితకాలమున మరల నచ్చుపడలేదు. 18వ శతాబ్దమువఱకును దానికి రెండవకూర్పే లేదు. 1481లో నాతడు ప్రకటించిన లాటిను వ్యాకరణమే యోడలెక్కి సముద్రము దాటినది. ఏల యనగా, అమెరికాకు బోయిన మతగురువులు స్థానికులకు గాస్తీలునుడి నేర్పుటకంటె, స్థానికుల భాషలకు వ్యాకరణములు వ్రాయుటయందే యెక్కువ శ్రమపడిరి. ఆ వ్యాకరణములకు మాతృక నెబ్రిహా లాటిను గ్రంథము. సంస్కృతసూత్రములతో రచింపబడిన ఆంధ్రశబ్దచింతామణి నెఱిగిన మన పండితులకు, ఒక భాష యచ్చులో వేఱొక భాషను బోయుటలోని లాభనష్టములను వేఱుగ జెప్పనక్కఱలేదు.

జయము జరిగిన తీరును జూడుడు. 1519లో హెర్నాన్ కోర్తేస్ మెక్సికో తీరమున దిగినప్పుడు ఆతనికి దేశభాష లొక్కటియు రావు. 1511లో నోడ పగిలి మాయాజాతివారి నడుమ నెనిమిదేండ్లు బ్రదికిన హెరోనిమో దె ఆగిలార్ అనువాడు దొరికెను. పిదప గానుకగా నీయబడిన దాసీజనములో మలింత్సిన్ అను యువతి దొరికినది. ఆమెకు మాయాభాషయు, నహువాత్ల్ భాషయు వచ్చును. కోర్తేస్ స్పానిషులో జెప్పిన మాటను ఆగిలార్ మాయాభాషలోనికి మార్చును. దానిని మలింత్సిన్ నహువాత్ల్ లోనికి మార్చును. ప్రత్యుత్తరము మరల నీ మెట్లమీదుగనే దిగివచ్చును. కొలదికాలమున నామె స్పానిషు నేర్చి ఆగిలార్ తోడు లేకయే పని నడపెను. 1521 ఆగస్టు 13వ తేదీన దెనోచ్తిత్లాన్ మహానగరము పడిపోయినది. ఆ విజయమునకు దుపాకులును, గుఱ్ఱములును, వేలకొలది త్లస్కలా యోధులును, 1520లో బ్రబలిన మశూచియు నెంత కారణములో, ఆ దుబాసి నాలుకయు నంత కారణము. విజేత భాష గెలిచినదనుటకంటె, విజేతకు బరభాష లభించుటచే గెలుపు గలిగినదనుట సత్యమునకు జేరువ.

1524లో బండ్రెండుగురు ఫ్రాన్సిస్కను సన్యాసులు మెక్సికో చేరిరి. వారి యెదుట లక్షలకొలది జనము. ఆ లక్షలమందికి స్పానిషు నేర్పుటయా, పండ్రెండుగురు నహువాత్ల్ నేర్చుకొనుటయా? లెక్క తెలిసినవా డెవ్వడైనను రెండవదానినే యెన్నుకొనును. 1536లో త్లతెలోల్కోయందు స్థానికప్రభువుల కుమారులకై యొక విద్యాలయము నెలకొల్పబడినది. అందు లాటిను నేర్పిరి. 1539లో మెక్సికో నగరమున ముద్రాయంత్రము స్థాపితమైనది. బాల్యముననే యా దేశమునకు వచ్చి తోడి బాలకుల యాటపాటలలో నహువాత్ల్ నేర్చిన అలోన్సో దె మొలీనా 1555లో నొక నిఘంటువును, 1571లో దానిని బెంచి రెండు దెసలనుండి చూడదగిన మహానిఘంటువును బ్రకటించెను. పెరూదేశపు గెచువాభాషకు దొమింగో దె సాంతో తొమాస్ అను డొమినికను సన్యాసి వ్రాసిన వ్యాకరణము 1560లో స్పెయిన్ దేశపు వయ్యదొలీదు నగరమున నచ్చుపడినది. ఇంగ్లీషుభాషకు మొదటి ముద్రితవ్యాకరణము 1586లోగాని వెలువడలేదు. ఆండీసు పర్వతప్రజల భాషకు వ్యాకరణ మచ్చగునాటికి, నేడు లోకమేలుచున్న యింగ్లీషునకు వ్యాకరణమే లేదని మన విద్యార్థులకు జెప్పదగును.

బెర్నార్దినో దె సహగూన్ చేసిన కృషి యన్నిటికంటె బెద్దది. త్లతెలోల్కోలో జదివిన ఆంతోనియో వలెరియానో మొదలగు స్థానికపండితుల తోడ్పాటుతో నాతడు పూర్వమెక్సికనుల దేవతలను, పండుగలను, వైద్యమును, వాణిజ్యమును, చెట్లను, పక్షులను గూర్చి పండ్రెండు సంపుటముల గ్రంథము సిద్ధపఱచెను. ఒక వరుస నహువాత్ల్, ఒక వరుస స్పానిషు; నడుమ స్థానికచిత్రకారుల బొమ్మలు. 1577లో రెండవ ఫిలిప్పురా జీ రచనలను స్వాధీనము చేసికొని పంపుడని యాజ్ఞాపించెను. నేడా ప్రతి ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరమున లారెన్షియను గ్రంథాలయమున నున్నది.

ఈ సన్యాసులను గేవలము భాషోద్ధారకులని కీర్తించుటయు దగదు. వారు భాషలు నేర్చినది పూర్వమతమును మాపుటకు. 1562 జులై నెలలో యుకతాన్ సీమయందలి మనీగ్రామమున దియేగో దె లందా యను ఫ్రాన్సిస్కను మాయాజాతివారి చిత్రలిపి గ్రంథములను బ్రోగువేసి కాల్పించెను. విగ్రహారాధన మానలేదని యనేకులను హింసింపించెను. అట్టి గ్రంథములలో నేటికి మిగిలినవి నాలుగు మాత్రమే. ఒక జాతి శతాబ్దములు కూర్చుకొన్న గణితజ్యోతిషములు, వంశచరిత్రలు ఎన్ని యా మంటలో బోయినవో లెక్కించువారు లేరు. ఆ లందాయే కొన్నియేండ్లకు దాను వ్రాసిన గ్రంథములో మాయా అక్షరముల పట్టిక నొకదానిని జేర్చెను. 1952లో రష్యాపండితుడు యూరీ క్నోరొజొవ్ మాయాలిపిరహస్యమును భేదించుటకు దాళపుచెవిగా నుపయోగించినది యా పట్టికయే. కాల్చిన చేయియే తాళపుచెవిని మిగిల్చినది. ఇట్టి సందర్భమున గృతజ్ఞతయు, గోపమును రెండును న్యాయమే. ఒకదానికై రెండవదానిని విడిచినచో జరిత్ర సగమగును.

ఇక రాజశాసనముల మాట. 1550లో మొదటి కార్లోసు స్థానికులకు గాస్తీలుభాష నేర్పవలెనని యాజ్ఞ పంపెను. నేర్పువారును, ధనమును లేమిచే నది చాలవఱకు గాగితముననే నిలిచినది. 1570లో రెండవ ఫిలిప్పు నూతన స్పెయిన్ స్థానికులకు నహువాత్లే వ్యవహారభాషగా నుండవలెనని శాసించెను. 1580 ప్రాంతమున లీమా, మెక్సికో నగరములలో దేశభాషలకు బోధకపీఠము లేర్పడెను; ఆ భాష రానివానికి గురుపదవి యీయరాదను నియమము గలిగెను. 1584లో లీమాలో నచ్చుపడిన గ్రంథము, దక్షిణామెరికాలో నచ్చైన గ్రంథములలో మొదటిది, స్పానిషు, కెచువా, ఐమరా భాషలు మూటియందు నున్నది. 1596లో రాజు సలహాసభవారు స్థానికులను నిర్బంధముగ స్పానిషునకు మార్పుడని విన్నవింపగా, ఫిలిప్పు నిర్బంధము తగదని నిరాకరించి, కోరినవారికి నేర్పుటకు మాత్రమే యుపాధ్యాయులను నియమింపుడనెను.

ఈ నీతివలన నొక వింత ఫలము గలిగినది. నహువాత్ల్, కెచువా వంటి పెద్దభాషలు "సామాన్యభాష"లుగా మతగురువుల చేతిమీదుగా బూర్వము తాము లేని సీమలకు సైతము వ్యాపించెను. వానిక్రింద జిన్నభాషలు నలిగినవి. టిటికాకా సరస్సుప్రాంతమున 16వ శతాబ్దమున గణ్యమైయుండిన పుకీనా భాష నేడు లేదు; 1607లో నేపుల్సు నగరమున నచ్చైన లూయిస్ హెరోనిమో దె ఒరే ప్రార్థనపుస్తకమందలి కొన్ని పుటలు దాని ముఖ్యమైన యానవాళ్లు. చిన్నభాషను మింగునది యెల్లప్పుడు విదేశభాషయే కానక్కఱలేదు.

మఱి స్పానిషు పెరిగిన తావు లెవ్వి? మొదటిది, ప్రజలే నశించిన తావులు. కరీబియను ద్వీపములలో దైనోజాతి రోగములచేతను, వెట్టిచేతను, ఒకటిరెండు తరములలో నించుమించుగ నంతరించెను. అచ్చట స్పానిషు దేశభాషను జయింపలేదు, శూన్యములో నిలిచినది. రెండవది, నగరము. న్యాయసభ, పత్రలేఖకుడు, సంత, గని, రేవు, ఇవన్నియు స్పానిషున నడచినవి. మూడవది, మిశ్రకుటుంబము. స్పెయిన్ తండ్రికిని, స్థానికమాతకును బుట్టిన సంతతియు, ఆఫ్రికాలోని పలుభాషల సీమలనుండి బానిసలుగా దేబడి యొండొరుల నుడి యెఱుగని జనమును స్పానిషునే యుమ్మడి భాషగా జేసికొనిరి. పల్లెలలో మాత్రము స్థితి వేఱు. మెక్సికో గ్రామసభలవారు లాటిను లిపిలో నహువాత్ల్ వ్రాయ నేర్చి, మరణశాసనములు, భూవిక్రయపత్రములు, అర్జీలు 18వ శతాబ్దమువఱకును దమ భాషలోనే వ్రాసికొనిరి. ఆ పత్రములు వేలకొలది నేటికిని భద్రముగ నున్నవి.

బూర్బను వంశపు రాజుల కాలమున నీతి మారెను. 1769లో మెక్సికో ప్రధానమతాధ్యక్షుడు లొరెన్సానా దేశభాషల బాహుళ్యము రాజ్యమునకు జేటని వ్రాసెను. మఱుసటి యేడు, 1770లో, మూడవ కార్లోసు తన రాజ్యములలోని యితరభాషలు నశించి కాస్తీలుభాష యొక్కటియే నిలువవలెనని శాసనము చేసెను. 1780లో గూస్కో ప్రాంతమున దూపాక్ అమారు నాయకత్వమున మహావిప్లవము లేచెను. 1781 మే 18వ తేదీన గూస్కో నగరపు నడివీథిలో నాతనిని, ఆతని భార్య మికయేలా బస్తీదాసును, బంధువులను గ్రూరముగ జంపిరి. ఆ తీర్పునందే యింకారాజుల వేషములను, నాటకములను నిషేధించి, కెచువాభాషను మాన్పించి స్పానిషు నేర్పవలెనని విధించిరి. 1782లో గార్సిలాసో దె లా వేగా రచించిన యింకాల చరిత్రగ్రంథపు బ్రతులను జేజిక్కించుకొనుడని యాజ్ఞ వచ్చెను. ఒక పుస్తకమునకును, ఒక నుడికిని రాజ్యము వెఱచినదనుటకు నింతకంటె సాక్ష్యము వలదు. కాని నలువది యేండ్లు గడచునంతలో నా రాజ్యమే పోయినది. అమెరికాభూఖండమున స్పెయిన్ ప్రభుత్వము 1820 దశాబ్దముతో ముగిసెను. అప్పటికి మెక్సికోలోను, ఆండీసు సీమలలోను దేశభాషలే మాటాడువా రధికసంఖ్యాకులని పండితుల యంచనా.

కథ నిజముగ మారినది యిక్కడ. స్వతంత్రరాజ్యముల స్థాపకులు స్పానిషు మాతృభాషగాగల నగరవాసులు. అందఱును సమానపౌరులు గావలెననిరి; సమానత్వమునకు భాష యొక్కటి గావలెననిరి. పాత రాజ్యమున స్థానికులకు వేఱుగనుండిన గ్రామసభలు, న్యాయస్థానములు రద్దగుటతో వారి భాషకు గల వ్రాతపనియు బోయెను. నహువాత్ల్ లో భూమిపత్రము వ్రాయించుకొనినవాని మనుమడు స్పానిషులో వ్రాయించుకొనవలసివచ్చెను. బెనీతో హువారెస్ జీవిత మిందులకు మేలైన దృష్టాంతము. 1806లో ఓహాకా కొండలలో సపొతెకు కుటుంబమున బుట్టి, పండ్రెండేండ్ల ప్రాయమున నడచి నగరము జేరి స్పానిషు నేర్చిన యా యనాథబాలుడు 1858లో మెక్సికో దేశాధ్యక్షుడయ్యెను. ఆతని నెవ్వరును నిర్బంధింపలేదు. పైకెక్కుటకు నిచ్చెన యొక్కటే యున్నచో దాని నెక్కువానిని నిర్బంధింపనక్కఱలేదు.

వ్యాకరణమునందును స్వతంత్రులు స్పెయిన్ ను విడువలేదు. వెనెసువేలాలో బుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బెల్లో 1847లో అమెరికావాసుల యుపయోగమునకై స్పానిషు వ్యాకరణము ప్రకటించెను. లాటిను పగిలి పలుభాషలైనట్లు స్పానిషును బగులునని యాతని భయము. 1871లో గొలంబియాలో భాషాపరిషత్తు స్థాపితమైనది. రాజును దఱిమినవారే రాజు భాషకు గాపరులైరి. అర్జెంటీనాలో 1884 నాటి చట్టముచే ప్రాథమికవిద్య యుచితమును నిర్బంధమును గాగా, లక్షలకొలదిగ వచ్చిన ఇటాలియనుల బిడ్డలు బడిలో స్పానిషువారైరి. మెక్సికోలో 1921లో హోసే వాస్కొన్సేలోస్ నాయకత్వమున విద్యాశాఖ యేర్పడి పల్లెపల్లెకు నుపాధ్యాయులను బంపెను, స్పానిషే బోధనభాష. ఆ యుపాధ్యాయులు దుష్టులు కారు. పేదలకు జదువు చెప్పవలెనను పవిత్రసంకల్పముతో బోయినవారు. అయినను బడిలో దల్లిభాష మాటాడిన బాలుడు సిగ్గుపడ నేర్చెను; ఆ సిగ్గుతోనే పెరిగి తండ్రియై తన బిడ్డతో నా భాష మాటాడ మానెను. 2020 నాటి జనగణనము ప్రకారము మెక్సికోలో మూడేండ్లు నిండినవారిలో దేశభాషలు మాటాడువారు 73 లక్షలకు బైబడియున్నారు. నూటికి ఆఱుగురు మాత్రమే. మూడువందల యేండ్ల రాజశాసనములు చేయలేని పనిని నూఱేండ్ల బడి చేసినది.

ఈ సిద్ధాంతమునకు బరీక్షాస్థల మొకటి కలదు: ఫిలిప్పీను ద్వీపములు. 1565 మొదలు 1898 వఱకు 333 సంవత్సరములు స్పెయినే యేలినది. అదే రాజు, అదే మతము, అవే సన్యాసిసంఘములు. 1593లో మనీలాలో నచ్చైన మతబోధపుస్తకము స్పానిషునను, తగాలుభాషయందును నున్నది. తగాలునకు లాటిను లిపియు, దేశీయమైన బైబాయిన్ లిపియు నుపయోగించిరి. మతము నాటుకొన్నది, భాష నాటుకొనలేదు. స్పెయిన్ వలసజనము స్వల్పము. సర్వజనవిద్యాశాసనము 1863లో గాని రాలేదు. హోసే రిసాల్ 1887, 1891 సంవత్సరములలో బ్రకటించిన నవలలు స్పానిషులో నున్నను, ఆ భాష చదువుకొన్న కొందఱిదే. బడిద్వారమున స్పానిషు పల్లెకు బోవలసిన సమయమునకు అమెరికా సంయుక్తరాష్ట్రములు ద్వీపముల నాక్రమించి, 1901 నుండి బడులలో నింగ్లీషు పెట్టినవి. 1987 రాజ్యాంగముతో స్పానిషునకు రాజభాషాస్థానము పోయెను. సంబోవాంగాలోని చవకానో మిశ్రభాషయు, తగాలులోని వేలకొలది యరువుమాటలును మిగిలినవి. సామ్రాజ్యమే భాషను వ్యాపింపజేయునదైనచో ఇక్కడను వ్యాపింపవలసినదే కదా.

పరాగ్వే దేశము రెండవ సాక్షి. అచ్చట స్పెయిన్ తండ్రుల బిడ్డలు తల్లుల గ్వారనీభాషనే యింట నిలుపుకొనిరి. ఆంతోనియో రూయిస్ దె మొంతోయా 1639లో గ్వారనీ నిఘంటువు ప్రకటించెను. జెసూటులు 1767లో వెడలగొట్టబడినను భాష పోలేదు. 1992 రాజ్యాంగమున స్పానిషుతో సమముగ గ్వారనీ రాజభాషయైనది. నేటికిని దేశమున నధికసంఖ్యాకులు దానిని మాటాడుదురు. ఇంటిలో నిలిచిన భాషను శాసనము కదల్పలేదు.

గెలిచిన భాషయు మారకుండ లేదు. నెబ్రిహా సుమారు 1495లో బ్రకటించిన నిఘంటువునందే "కనోవా" యను తైనోపదము చేరినది. మొక్కజొన్నకు, పొగాకునకు, ఉయ్యాలపడకకు, తుపానునకు స్పానిషువారు తైనోమాటలనే గైకొనిరి. తైనోజాతి పోయినను మాటలు పోలేదు. నహువాత్లులోని "తోమత్ల్" స్పానిషున "తోమాతె"యై, ఇంగ్లీషుమీదుగా మన వంటయింట టమాటా యైనది. మన బొప్పాయి పేరును గరీబియను సీమలలో బుట్టినదే. కూరలు తఱుగు మన గృహిణి దినదినమును నహువాత్ల్ పలుకుచున్నదని యామె యెఱుగదు.

కావున నిష్కర్ష యిది. సామ్రాజ్యము భాషకు ద్వారమును దెఱచినది. ఆ ద్వారమున బ్రజలు ప్రవేశించినది నగరజీవనముచేతను, మిశ్రకుటుంబములచేతను, జనక్షయముచేతను, అన్నిటికంటె నధికముగ స్వతంత్రరాజ్యపు బడిచేతను. రాజాజ్ఞ దేశభాషను జంపుట యరుదు. తన భాషయందు దనకే గౌరవము పోయి, పిల్లవానితో దల్లి యా నుడి మాటాడుట మానిన దినముననే భాష చచ్చును. నిఘంటువులు వ్రాసిన మొలీనా, మొంతోయాల శ్రమ గొప్పదే. కాని పుకీనాకు బుటలు మిగిలినవి గాని నోరు మిగులలేదు. గ్వారనీకి నోరు మిగిలినది. పాఠశాలలలో భాష బోధించు మనవంటివారికి ఈ రెంటి తారతమ్యమే యీ చరిత్ర నేర్పు పాఠము. మనము దిద్దు తప్పులకంటె, దిద్దునప్పుడు మన ముఖమున గనబడు తిరస్కారమును బాలుడెక్కువ కాలము జ్ఞాపకముంచుకొనును.